చిన్న యేరని పేరు, పెద్ద నది ఒడ్డున కాపురం: హైతీలోని ఒక వరి పట్నం

హైతీ దేశంలో అన్నిటికన్నా పెద్ద నది పక్కన ఉన్న ఒక పట్నానికి ‘చిన్న యేరు’ అని పేరు. ఫ్రెంచిలో ‘పెతిత్-రివియేర్ ద లార్తిబోనీత్’ అని రాస్తారు, అక్కడివాళ్ళు తమ క్రియోల్‌లో ‘తీ-రివ్యే’ అని క్లుప్తంగా పిలుచుకుంటారు. పేరుకూ ఊరికీ ఉన్న ఈ పొంతనలేనితనం మొదట్లో నవ్వు తెప్పిస్తుంది. చరిత్ర చదువుతూ పోయిన కొద్దీ మాత్రం అది అక్కడి బతుకుకు సరిపోయిన పేరే అనిపిస్తుంది. ఆర్తిబోనీత్ నది ఈ ఊరి కళ్ళెదుటే పారుతుంది గానీ, ఆ నీళ్ళు ఎప్పుడు వదలాలి, ఎవరి పొలానికి పెట్టాలి, ఆ నీటితో పండిన ధాన్యానికి ఏ ధర పలకాలి అన్న నిర్ణయాలు రెండు శతాబ్దాలుగా ఎక్కువభాగం ఊరి బయటే జరుగుతూ వచ్చాయి.

ముందు నేల సంగతి. డొమినికన్ రిపబ్లిక్ కొండల్లో పుట్టి సుమారు 320 కిలోమీటర్లు పారే ఆర్తిబోనీత్, హైతీ నడిబొడ్డున ఉన్న పీఠభూమిని దాటి కొండల మధ్య నుంచి బయటపడి, విశాలమైన మైదానంలోకి దిగి, చివరకు పడమట గోనావ్ సింధుశాఖలో కలుస్తుంది. నది కొండలను వదిలి మైదానంలోకి అడుగుపెట్టే ఆ మలుపు దగ్గర, కుడి ఒడ్డున ఉంది పెతిత్-రివియేర్. పడమటి తీరంలోని సెయింట్-మార్క్ రేవు ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరం. ఊరి వెనక కాహో కొండలు. ఒకే కమ్యూన్ పరిధిలో, అంటే మన మండలం లాంటి పాలనా విభాగంలో, కింద బా-కూర్సేన్ వరి మడులూ ఉన్నాయి, పైన పెరోదేన్, మెదోర్ వంటి కొండ ప్రాంతాలూ ఉన్నాయి. మైదానం రైతుకు కాలువ కావాలి, కొండ రైతు వాన మీద ఆధారపడతాడు. బొగ్గు కోసం, సేద్యం కోసం పైన చెట్టు కొట్టినప్పుడల్లా కింద కాలువలో పూడిక పెరుగుతుంది. ఇద్దరూ ఓటు వేసేది ఒకే మేయరుకు.

ఫ్రెంచి వలస పాలనలో, ఈ దేశాన్ని సేన్-దొమాంగ్ అని పిలిచిన రోజుల్లో, ఈ మైదానం చెరకుకన్నా నీలిమందుకూ పత్తికీ ఎక్కువ పేరు పొందింది. నీలి ఆకును రాతి తొట్టెల్లో నానబెట్టి, కుళ్ళబెట్టి, గంటల తరబడి చిలికే ఆ పని బానిసల చేతుల మీదుగా సాగింది. 1791లో బానిసల తిరుగుబాటు మొదలై ఇక్కడి నీలిమందు ఎగుమతులు కుప్పకూలాక, యూరప్ కొనుగోలుదారులు బెంగాల్ వైపు మరింతగా తిరిగారన్నది మన దేశపు నీలిరైతు చరిత్ర చదివేవాళ్ళు గమనించదగ్గ లంకె. ఒకచోట బానిసత్వం కూలితే, సముద్రాల అవతల మరో చోట రైతు మెడకు అప్పు బిగుసుకుంది.

ఈ ఊరిని హైతీ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించింది మాత్రం 1802 మార్చి. బానిసత్వాన్ని తిరిగి తేవడమే అంతిమ ఉద్దేశంగా నెపోలియన్ పంపిన సేనాని లక్లేర్, దేశంలోని రేవులన్నీ పట్టుకున్న తరువాత కొండల దారి మీద కన్నేశాడు. ఆ దారికి కాపలాగా, ఊరికి పైన, నదిని చూస్తూ ఒక గుట్ట మీద క్రెత్-అ-పియెరో కోట ఉంది. దాన్ని అంతకు కొన్నేళ్ళ ముందు ఈ తీరాన్ని ఆక్రమించిన ఇంగ్లీషువాళ్ళు కట్టారు. తిరుగుబాటు సేనాని జాన్-జాక్ దెస్సాలీన్ నాయకత్వంలో సుమారు 1,200 మంది ఆ కోటలో నిలబడ్డారు. చుట్టుముట్టిన ఫ్రెంచి సేన దాదాపు 12 వేలు. కోట బయట ఉన్న దెస్సాలీన్ సైనికులు కాసేపు పోరాడి, ఓడినట్టు నటిస్తూ కోట వైపు పరుగెత్తి, చివరి క్షణంలో కందకంలోకి దూకేవారు. వాళ్ళ వెంటపడిన ఫ్రెంచి పటాలం నేరుగా ఫిరంగుల ఎదుటకు వచ్చి నిలబడేది. ఇదే ఎత్తు ఒకసారి కాదు, పదేపదే ఫలించింది.

ఆ ముట్టడిలో రెండు దృశ్యాలు నన్ను వదలవు. రాత్రిపూట కోటలోంచి ఫ్రెంచి విప్లవ గీతాలు వినిపించేవనీ, స్వేచ్ఛ కోసం రాసుకున్న తమ పాటలే శత్రువు నోట వింటున్న ఫ్రెంచి సైనికులు న్యాయం ఎవరి పక్షాన ఉందోనని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారనీ ఆ యుద్ధంలో పాల్గొన్న ఫ్రెంచి అధికారి పాంఫీల్ ద లాక్రువా తరువాత రాసుకున్నాడు. రెండోది ఇంకా చిన్న దృశ్యం. కోటలో నీళ్ళు అయిపోయాయి. కింద దేశంలోకెల్లా పెద్ద నది నిండుగా పారుతుంటే, పైన ఉన్నవాళ్ళు దాహం ఆపుకోవడానికి సీసపు తుపాకి గుళ్ళు నోట్లో వేసుకుని చప్పరించారు. మార్చి 24 రాత్రి దెస్సాలీన్ కింది అధికారి లామార్తినియేర్ ఆధ్వర్యంలో మిగిలినవాళ్ళు శత్రు వలయాన్ని చీల్చుకుని బయటపడ్డారు. మగవేషంలో తుపాకి పట్టి పోరాడిన అతని భార్య మరీ-జాన్ లామార్తినియేర్ పేరు కూడా ఈ కోటతోనే ముడిపడి ఉంది. ఖాళీ కోటను పట్టుకున్న లక్లేర్, తాను పోగొట్టుకున్న బలగం లెక్కను తగ్గించి చూపమని తన అధికారులకు చెప్పాడు. లెక్కలు తగ్గించి చెప్పడం ఈ లోయలో ఆ తరువాత కూడా చాలాసార్లు జరిగింది.

1804లో స్వాతంత్ర్యం వచ్చింది. దెస్సాలీన్ తన రాజధానిని రేవులో పెట్టలేదు, ఈ మైదానం అంచునే, పక్కనున్న మార్షాన్‌లో పెట్టుకున్నాడు. ఫ్రెంచి ఓడలు మళ్ళీ వస్తే కొండలు దగ్గరుండాలన్నది ఆ ఎంపిక వెనక ఉన్న లెక్క. ఆయన 1806లో హత్యకు గురయ్యాక దేశం రెండుగా చీలింది. ఉత్తరాన హెన్రీ క్రిస్తోఫ్ రాజ్యం, దక్షిణాన పెతియోన్ గణతంత్రం. సరిహద్దు ఈ ప్రాంతంలోనే పడింది. క్రిస్తోఫ్ పెతిత్-రివియేర్‌లో కట్టించిన భవనాన్ని జనం ‘365 తలుపుల కోట’ అంటారు. ఆ తలుపుల సంఖ్యను నేను పట్టించుకోను. ఎక్కడైనా రాజు కట్టిన మేడకు ఏడాదికి సరిపడా తలుపులో కిటికీలో అంటగట్టడం జనానికి సరదా. గమనించాల్సింది ఆ మేడ ఉన్న చోటు. ఉత్తర రాజ్యం దక్షిణపు అంచున, శత్రువుకు కనిపించేలా, ఈ నేల తనదని ప్రకటించడానికి కట్టిన భవనం అది. 1820లో సెయింట్-మార్క్ దండు తిరగబడింది, క్రిస్తోఫ్ తనను తాను కాల్చుకున్నాడు, మేడ కథ అక్కడితో ఆగిపోయింది.

తరువాతి వందేళ్ళలో ఈ ఊరిని పోషించింది కొండ మీది కాఫీ. స్వాతంత్ర్యాన్ని గుర్తించినందుకు ఫ్రాన్స్ 1825లో 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం అడిగింది. 1838లో దాన్ని మొత్తం 9 కోట్లకు తగ్గించారు. ఆ సొమ్మును హైతీ ప్రభుత్వం ప్రధానంగా కాఫీ ఎగుమతి సుంకాల ద్వారా, అంటే ఇలాంటి కొండల్లో గింజ ఏరిన రైతు నుంచి, రాబట్టింది. తాత కొరడా దెబ్బలు తిన్న నేలకు మనవడు వెల చెల్లించాడు.

నేటి ఊరిని అర్థం చేసుకోవడానికి కోటకన్నా కాలువ ముఖ్యం. 1949లో ఆర్తిబోనీత్ లోయ అభివృద్ధి సంస్థ, ఫ్రెంచి పొడి అక్షరాల్లో ఓదేవీఏ, ఏర్పడింది. అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు అప్పుతో ఎగువన పెలీగ్ర్ ఆనకట్ట 1956లో పూర్తయింది. అక్కడ మునిగిన పొలాల రైతులు నీళ్ళు లేని కొండపైకి ఎక్కారు, ఇక్కడ దిగువన సుమారు 30 వేల హెక్టార్లకు కాలువ నీరు అందే వీలు కలిగింది. వరద ఆగింది, రెండో పంటకు ఆశ పుట్టింది. 1971లో ఆనకట్టకు టర్బైన్లు బిగించాక నీటి విడుదల లెక్కలోకి పోర్ట్-ఓ-ప్రిన్స్ కరెంటు కూడా చేరింది. రాజధానిలో దీపాలు వెలగాల్సిన వేళకూ, బా-కూర్సేన్‌లో నారుమడి తడవాల్సిన వేళకూ ఎప్పుడూ పొత్తు కుదరలేదు. జలాశయంలో పెద్ద భాగం ఒండ్రుతో పూడిపోయింది. పిల్లకాలువల్లో ఏటా పూడిక తీయకపోతే శివారు భూములకు చుక్క చేరదు. కాలువ మొదట్లో ఉన్నవాడి మడి నిండి పొంగుతుంటే, చివర ఉన్నవాడు గట్టు మీద పార పట్టుకుని రాత్రంతా కాపలా కాస్తాడు. కాలువ కింద సేద్యం చేసిన ఎవరికైనా ఈ దృశ్యం విడమరచి చెప్పనక్కర్లేదు.

నీళ్ళు వచ్చిన నేలకు విలువ వచ్చింది. విలువ వచ్చిన నేలకు పాత పత్రాలతో కొత్త యజమానులు పుట్టుకొచ్చారు. పట్నంలో పలుకుబడి ఉన్న పెద్ద భూస్వాములను ఇక్కడ ‘గ్రాన్‌దోన్’ అంటారు. తరాలుగా దున్నుతున్న రైతు చేతిలో చాలాసార్లు కాగితం ఉండదు, గ్రాన్‌దోన్ చేతిలో నోటరీ ముద్రతో ఒకటుంటుంది. వివాదాలు ఎంత ముదిరాయంటే 1975లో నియంత దువాలియే ప్రభుత్వం లోయ భూములకు ప్రత్యేక చట్టమే తెచ్చి, తగాదా భూముల పెత్తనం ఓదేవీఏకు అప్పగించింది. తగవు తీరకపోగా, మూడో పక్షంగా సర్కారు కూడా దిగింది. 1997లో అధ్యక్షుడు రెనె ప్రెవాల్ ఈ లోయలో అర హెక్టారు చొప్పున భూమి పంచడం మొదలుపెట్టాడు. ఉద్దేశం మంచిదే. అర హెక్టారు మీద ఎరువు, నీటి తీరువా, నూర్పిడి ఖర్చులు పోను ఏం మిగులుతుందో లెక్కవేసినవాళ్ళు అప్పటికే బియ్యం ధర ఎటు పోతోందో చూసి ఉండాల్సింది.

ఎందుకంటే అసలు దెబ్బ ధర మీద పడింది. 1980ల మధ్య దాకా హైతీ తన బియ్యం అవసరాల్లో అధికభాగం తానే పండించుకునేది, ఆ పంటలో సింహభాగం ఈ లోయదే. అప్పట్లో పల్లె ఇంట్లో రోజువారీ తిండి మొక్కజొన్న, జొన్న, దుంపలు. అన్నం ఆదివారం వంటకం. 1986లో దువాలియే పారిపోయాక తలుపులు తెరుచుకున్నాయి. 1995లో అంతర్జాతీయ రుణదాతల ఒత్తిడితో బియ్యం మీద దిగుమతి సుంకాన్ని 35 శాతం నుంచి 3 శాతానికి దించారు. కరీబియన్ దేశాల కూటమి ఉమ్మడి సుంకం మాత్రం 25 శాతం. సబ్సిడీలతో పండిన అమెరికా బియ్యం సంచుల్లో దిగింది. జనం దానికి ‘మయామి బియ్యం’ అని పేరు పెట్టారు. సంతలో బియ్యాన్ని తూకం వేయరు, ‘మామిత్’ అనే పెద్ద రేకు డబ్బాతో కొలుస్తారు. ఒక డబ్బాలో లోయ బియ్యం, పక్క డబ్బాలో మయామి బియ్యం పెట్టుకుని, గ్రామాల నుంచి సరుకు మోసుకొచ్చి పట్నంలో అమ్మే ‘మదాన్ సారా’ స్త్రీలు కూర్చుంటారు. లోయ బియ్యంలో సువాసన కలిగిన షెలా రకానికి ఇప్పటికీ గిరాకీ ఉంది. ప్రేమ వేరు, జేబు వేరు.

రాజధాని మురికివాడలోని కూలికి చవక బియ్యం ఆసరా కాలేదా అన్న ప్రశ్నను కొట్టిపారేయలేం. అయ్యింది. కానీ ఆ కూలీల్లో ఎందరో ఇలాంటి లోయల్లో సాగు గిట్టక పట్నం చేరినవాళ్ళే. పైగా అలవాటు మారిపోయింది. జొన్న వెనక్కి పోయి అన్నం రోజువారీ తిండి అయ్యాక దేశం తినే బియ్యంలో నూటికి 80 పాళ్ళకు పైగా బయటినుంచే రావడం మొదలైంది. అంతర్జాతీయ ధర పెరిగిన 2008లో ఆకలి అల్లర్లు చెలరేగి ప్రధానమంత్రి పదవే పోయింది. 2010 మార్చిలో మాజీ అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ సెనేట్ సంఘం ముందు నిలబడి, ఆ విధానం తన సొంత అర్కాన్సా రైతులకు మేలు చేసి ఉండవచ్చు గానీ హైతీకి పనికిరాలేదని, అది తప్పేనని ఒప్పుకున్నాడు. ఆయన నిజాయితీని నేను శంకించను. ఆ మాట అన్న తరువాత కూడా ఏళ్ళ తరబడి ఆ 3 శాతం అక్కడే ఉందన్నది కూడా చెప్పుకోవాలి.

అదే ఏడాది అక్టోబరులో నది మరొకటి మోసుకొచ్చింది. ఎగువన మిర్బలే దగ్గర ఐక్యరాజ్యసమితి శాంతి సేన శిబిరం నుంచి మురుగు ఒక ఉపనదిలోకి చేరింది. కలరా ఆ నీటితోపాటు కొద్ది రోజుల్లోనే దిగువ లోయ మొత్తం పాకింది. ఆ జనవరిలో రాజధానిని కూల్చిన భూకంపం ఈ పొలాలను కూల్చలేదు. పొలంలో పనిచేస్తూ కాలువలో దోసిలిపట్టి తాగినవాళ్ళను కలరా పట్టుకుంది. దేశమంతటా దాదాపు 10 వేల మంది చనిపోయారు. తమ పాత్రకు ఐరాస ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ 2016 డిసెంబరులో క్షమాపణ చెప్పాడు.

ఇప్పటి సంగతికి వస్తే, ఈ కమ్యూన్‌లోని సావియేన్ ప్రాంతం ‘గ్రాన్ గ్రిఫ్’ అనే సాయుధ ముఠాకు స్థావరం. దాని పుట్టుకను ఎన్నికల రాజకీయాల్లో వెతకాలని ఐరాస నిపుణుల బృందం నివేదికలు చెబుతున్నాయి. ఇక్కడి నుంచి ఎన్నికైన ఒక మాజీ పార్లమెంటు సభ్యుడు తన పట్టు కోసం యువకుల చేతికి ఆయుధాలిచ్చాడన్నది ఆరోపణ. 2024 సెప్టెంబరులో అమెరికా అతని మీదా ముఠా నాయకుడి మీదా ఆంక్షలు పెట్టింది. వారం దాటీ దాటగానే, అక్టోబరు 3న, జాతీయ రహదారి నదిని దాటే పాన్-సోందే దగ్గర ఆ ముఠా కనీసం 70 మందిని చంపింది. ముఠా రోడ్డు మీద వసూళ్ళు చేసుకునే వంతెన అది. పెతిత్-రివియేర్ బియ్యం రాజధానికి చేరాలంటే దాటాల్సిన వంతెన కూడా అదే. దీన్ని ‘హైతీ అరాచకం’ అని ఒక్క మాటలో తేల్చే వార్తలు నాకు తృప్తినివ్వవు. కొండల దారిని చూసే గుట్ట మీద కోట కట్టినవాడికీ, సరిహద్దులో మేడ కట్టినవాడికీ, కాలువ తల మీద కూర్చున్న గ్రాన్‌దోన్‌కూ తెలిసిన విషయమే ఈ ముఠాకూ తెలుసు. ఈ లోయలో సంపద నీటితో పుడుతుంది, ఒకే దారిన బయటికి పోతుంది, ఆ రెండిటినీ పట్టుకున్నవాడు పంట పండించనక్కర్లేదు.

2025 ఏప్రిల్, మే నెలల్లో ముఠా పెతిత్-రివియేర్ పట్నం మీదికే వచ్చింది. రోడ్డు దారి మూసుకుపోయింది. అప్పుడు బయటికి వచ్చిన వీడియోల్లో జనం ఆర్తిబోనీత్‌లో దిగి, నీళ్ళలో నడుచుకుంటూ అవతలి ఒడ్డుకు పోతున్నారు.