అంతా సర్దుకుందట!

డిసెంబరు వచ్చిందంటే మా బావకు కన్నీళ్లు వస్తాయి. జలుబు వల్ల కాదు. ప్రతి ఏడూ అదే వారంలో, అదే సోఫాలో కూర్చుని, అదే నలుపు తెలుపు సినిమా పెట్టుకుంటాడు. చివరి పది నిమిషాలూ కళ్లు తుడుచుకుంటూనే చూస్తాడు. అయిపోయాక పెద్ద నిట్టూర్పు వదిలి, "అంతా సర్దుకుంది" అంటాడు.

సరిగ్గా ఆ మాట దగ్గరే నాకు మండుతుంది.

సినిమా పేరు ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’. ఫ్రాంక్ కాప్రా తీశాడు, 1946 డిసెంబరులో విడుదలైంది. క్రిస్మస్‌కు చూడాల్సిన సినిమాల జాబితా ఎవరు రాసినా ఇది పైవరసలోనే ఉంటుంది. పక్కన "మనసుకు హత్తుకునే" అనే మాట కూడా తప్పదు. హత్తుకోవడం నిజమే, కాదనను. ఆ హత్తుకోవడంలో జేబులోంచి 8,000 డాలర్లు లేచిపోయిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

కేసు రికార్డు కోసం వాస్తవాలు నమోదు చేస్తున్నాను. తేదీ 1945 డిసెంబరు 24. ఊరు బెడ్‌ఫర్డ్ ఫాల్స్. పేదవాళ్ల పొదుపు దాచి, వాళ్లకే ఇళ్ల అప్పులిచ్చే ఒక చిన్న సంస్థ ఉంది. దాన్ని నడిపేది జార్జ్ బెయిలీ. జేమ్స్ స్టీవర్ట్ వేశాడు, వేలెత్తి చూపడానికి లేదు. ఆయన బాబాయి బిల్లీ 8,000 డాలర్లు జమ చేయడానికి బ్యాంకుకు వెళ్తాడు. అక్కడ ఊళ్లోకెల్లా డబ్బున్న పాటర్ చక్రాల కుర్చీలో ఎదురవుతాడు. జార్జ్ తమ్ముడికి పతకం వచ్చిందన్న వార్త చూపించి ఆయన్ని ఉడికించాలని మన బిల్లీకి ఉబలాటం. పాటర్ చేతిలోని పేపరే లాక్కుని, నాలుగు మాటలని, తిరిగి ఇచ్చేటప్పుడు డబ్బు కవరు కూడా అందులోనే మడిచి ఇచ్చేస్తాడు. ఇంతకంటే మర్యాదగా ఎవరూ ఎవరికీ డబ్బు పోగొట్టుకోలేదు.

పాటర్ గదిలోకి వెళ్లి పేపరు విప్పుతాడు, కవరు కనిపిస్తుంది. కుర్చీని మళ్లీ తలుపు దాకా నెట్టించుకుని బయటికి చూస్తాడు. బిల్లీ జేబులు తడుముకుంటూ పిచ్చివాడిలా వెతుక్కుంటున్నాడు. పాటర్ చూస్తాడు. చూసి, లోపలికి వెళ్లిపోతాడు. ఆ డబ్బుకు సినిమాలో అదే ఆఖరి దర్శనం. 1945 నాటి 8,000 అంటే ఇవాళ్టి లెక్కలో లక్ష డాలర్లకు పైమాటే.

ఇప్పుడు "నెట్టించుకుని" అన్న మాట దగ్గరికి రండి. నెట్టింది ఎవరు? పాటర్ వెనకాల ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. నిలువెత్తు మనిషి. సినిమా మొత్తం మీద ఒక్క మాటా మాట్లాడడు. కవరు బయటపడినప్పుడూ ఆయన అక్కడే ఉన్నాడు. కుర్చీని తలుపు దాకా నెట్టిందీ, వెనక్కి లాగిందీ ఆయనే. నా దృష్టిలో ఈ కథకు నాయకుడు ఆయనే.

ఆ రాత్రి ఆయన ఇంటికి వెళ్లి ఉంటాడు కదా. భార్య కోటు అందుకుంటూ, "ఇవాళ బ్యాంకులో ఏమైనా విశేషాలా?" అని అడిగి ఉంటుంది. "ఏముంటాయి? అటు నెట్టమన్నారు, ఇటు నెట్టమన్నారు" అని ఉంటాడు. కాసేపటికి ఎవరో తలుపు కొడతారు. పక్కింటావిడ, చేతిలో గిన్నె. "అన్నయ్యగారూ, పాపం జార్జ్ గారి డబ్బు ఎక్కడో పోయిందట. ఊరంతా తలా ఇంత వేస్తున్నాం." ఆయన గంభీరంగా తలాడించి, లోపలికి వెళ్లి, బీరువా తీసి, ఆలోచించి, రెండు డాలర్లు తెచ్చి గిన్నెలో వేస్తాడు. "ఎక్కడ పోయిందో ఏమైనా తెలిసిందా?" అని కూడా అడుగుతాడు, మర్యాదకు. "ఎవరు తీశారో, వాడి చేతులు పడిపోను" అంటుంది పక్కింటావిడ. ఆయన తన చేతుల వంక ఒకసారి చూసుకుంటాడు. బాగానే ఉన్నాయి. రేపు మళ్లీ కుర్చీ నెట్టాలి.

ఈ సీను సినిమాలో లేదు, నేనే రాసుకున్నాను. బావకు వినిపిస్తే, "నువ్వు మనిషివా, ఆడిటరువా?" అన్నాడు.

ఆడిటర్ అంటే గుర్తొచ్చింది. సాక్షి ఈయనొక్కడే కాదు. డబ్బు పోయిందని చావబోయిన జార్జ్‌ను కాపాడటానికి పైలోకం నుంచి క్లారెన్స్ అనే దేవదూత దిగుతాడు, రెండు వందల ఏళ్లు దాటినా రెక్కలు రాని ట్రైనీ దూత. దింపేముందు జార్జ్ జీవితమంతా ఆయనకు పైనే చూపించారు. మనం చూసే ఫ్లాష్‌బ్యాక్ అదే! అంటే కవరు ఎవరి ఒళ్లో ఉందో పైలోకానికి పూర్తిగా తెలుసు. కింద జార్జ్ ఏకంగా ఆ దూతనే అడుగుతాడు, నీ దగ్గర 8,000 డాలర్లున్నాయా అని. మా లోకంలో డబ్బు వాడం, అంటాడు దూత. అయ్యా, నీ దగ్గర లేకపోతే లేకపోయింది, ఎవరి దగ్గరుందో ఒక్క ముక్క చెప్పొచ్చుగా? చెప్పడు. దానికి బదులు, నువ్వు పుట్టకపోతే ఊరు ఎలా ఉండేదో చూడమని ఆ మనిషిని రాత్రంతా మంచులో తిప్పుతాడు. నష్టపోయినవాడికి కౌన్సెలింగ్, కాజేసినవాడికి నిద్ర. ఈ సేవకు మెచ్చి క్లారెన్స్‌కు రెక్కలు కూడా ఇచ్చారు. ప్రమోషన్లు ఎలా వస్తాయో పైవాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు.

ఆ తర్వాతి పది నిమిషాలు బావ ఏడ్చే పది నిమిషాలు. జార్జ్ మంచులో పరుగెడుతూ పాటర్ కిటికీ దగ్గర ఆగి మరీ "మెర్రీ క్రిస్మస్" చెప్తాడు. ఎవరికి? తన మీద అరెస్టు వారెంటు పుట్టించిన పెద్దమనిషికి. డబ్బు ఆయనే కాజేసి, డబ్బు పోయిందని ఫిర్యాదూ ఆయనే చేశాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని ఊరికే అనలేదు. ఇంట్లో ఊరంతా చిల్లర కుమ్మరిస్తారు. లెక్కలు తనిఖీ చేయడానికి వచ్చిన అధికారి కూడా తన జేబులోంచి తీసి వేస్తాడు. డబ్బు ఎలా పోయిందని అడగాల్సిన ఒకే ఒక్క మనిషి చందా ఇచ్చి పాట అందుకున్నాడు! పోలీసు అధికారి వారెంటు చింపేశాడు. ఫైలు మూసేశారు. అందరూ పాడుతున్నారు.

ఏం సర్దుకుంది బావా? లెక్క సర్దుకుందా? కష్టపడి కూడబెట్టుకున్నవాళ్లు రెండోసారి కట్టారు. ఒకసారి పొదుపుగా, ఇంకోసారి చందాగా. మొదటిసారి కట్టింది పాటర్ సొరుగులో ఉంది. దీన్ని నువ్వు మంచితనం గెలవడం అంటున్నావు. పేదవాళ్లు ఒకరినొకరు ఆదుకోవడం గొప్పే, నేనూ ఒప్పుకుంటాను, కానీ ఆ గొప్పతనం అవసరం తెచ్చిపెట్టినవాడు ఎదురింట్లో వెచ్చగా కూర్చుని ఉంటే, ఆ చప్పట్లలో నేను చేతులు కలపను. ప్రతిసారీ ఇంతే. పైన దోచుకుంటారు, కింద సర్దుకుంటారు, ఆ సర్దుకోవడాన్ని చూసి మనం కళ్లు తుడుచుకుంటాం.

సరే, టెన్షన్ వద్దు. మిగతా క్రిస్మస్ సినిమాలూ చూద్దాం. ‘హోమ్ అలోన్’ (1990)లో ఇద్దరు చిల్లర దొంగలు. ఒకడి నెత్తి మంటతో కాలుతుంది, ఇంకొకడి మొహాన ఇస్త్రీపెట్టె పడుతుంది. మెట్ల మీద ఇద్దరికీ పెయింటు డబ్బాలు. ఆపైన జైలు. పిల్లలు పగలబడి నవ్వుతారు. అంటే గోడ దూకేవాడికి ఇస్త్రీపెట్టె, గుమాస్తాలను పెట్టుకుని చేసేవాడికి మెర్రీ క్రిస్మస్. ‘డై హార్డ్’ క్రిస్మస్ సినిమా అవునా కాదా అని జనం ఏటా కొట్టుకుంటారు. 1988 జులైలో విడుదలైందని ఒకళ్లు, కథ జరిగేది క్రిస్మస్ ముందురోజు రాత్రే కదా అని ఇంకొకళ్లు. తీర్పు నేనిస్తాను: కాదు. అందులో 64 కోట్ల డాలర్ల బాండ్లకు ఆశపడిన సూటువాలా అంతెత్తు భవనం మీంచి కింద పడతాడు. సూటు వేసుకున్న దొంగకు శిక్ష పడితే అది క్రిస్మస్ సినిమా ఎలా అవుతుంది? డికెన్స్ 1843లో రాసిన క్రిస్మస్ కథలోని పిసినారి స్క్రూజ్‌ను బాగుచేయడానికి కనీసం నాలుగు దయ్యాలు వచ్చాయి, గుమాస్తాకు జీతం పెరిగింది. పాటర్ దగ్గరికి ఒక్క దయ్యమూ రాలేదు. పాటర్ వేషం వేసిన లయొనెల్ బారీమోర్ ఏళ్ల తరబడి క్రిస్మస్‌కు రేడియోలో స్క్రూజ్ గొంతు ఇచ్చినవాడే. అయినా పాపం, పాత పరిచయాలేవీ పనిచేయలేదు.

ఆ రోజుల్లో హాలీవుడ్‌లో సెన్సార్ నియమావళి ఒకటి ఉండేది, నేరం చేసినవాడికి తగిన శాస్తి జరగాలని పట్టుబట్టేది. పాటర్ దాన్నీ దాటి వెళ్లిపోయాడు. ఇంకా వినండి. ఈ సినిమా మీద 1947లో ఎఫ్‌బీఐ ఫైలులో ఒక నోటు పడింది. 8,000 డాలర్ల దొంగతనం మీద కాదు! బ్యాంకర్లను దుర్మార్గులుగా చూపించారట, ఇది కమ్యూనిస్టుల ఎత్తుగడలా ఉందట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం విన్నాం, ప్రభుత్వమే వచ్చి ఆ భుజాలు దులపడం మాత్రం అక్కడే చూశాం. చివరికి 1986లో ఒక అమెరికన్ కామెడీ షో వాళ్లు, ఊరంతా కలిసి వెళ్లి పాటర్‌ను చితకబాదినట్టు స్కిట్ వేశారు. న్యాయానికి నలభై ఏళ్లు పట్టింది, అదీ కామెడీలో.

అసలు ఈ సినిమా ఇంత ప్రియమైనది ఎలా అయిందో బావకు తెలియదు. మొదట్లో పెట్టుబడి కూడా రాబట్టలేకపోయింది. ఆస్కార్లిచ్చే అకాడమీ వాళ్లు దీనికిచ్చిన ఒకే ఒక్క బహుమతి, కురిసే మంచును కొత్త పద్ధతిలో సృష్టించినందుకు. అంటే దొంగ మంచుకు కూడా బహుమతే. ఇక కథ అయితే, రాసినాయన ప్రచురించేవాళ్లు దొరక్క 1943లో 200 ప్రతులు అచ్చువేయించుకుని క్రిస్మస్ గ్రీటింగులా స్నేహితులకు ఉచితంగా పంచినది. 1974లో సినిమా కాపీరైటు పొడిగించుకోవడం ఎవరో మర్చిపోయారు. టీవీ చానళ్లకు పండగే. పైసా కట్టనక్కర్లేదు కాబట్టి ప్రతి డిసెంబరూ పొద్దస్తమానం వేశారు. అలా ఊరందరి సొత్తయింది, అలాగే ఊరందరికీ నచ్చింది. 1993లో రిపబ్లిక్ పిక్చర్స్ అనే కంపెనీ నిద్ర లేచి, కథ మీద హక్కు మాదే, సంగీతం హక్కులూ కొన్నాం, ఇక ఎవరూ ఊరికే వేయకూడదంది. మరుసటి ఏడాది డిసెంబరుకు అమెరికా టీవీలో ఒక్క నెట్‌వర్క్‌కే ఆ సినిమా దక్కింది. పాటర్ ఆ కవరుతో ఏం చేశాడా అని ఇన్నేళ్లూ అనుకున్నాను.

ఈ ఏడూ బావ పిలిచాడు. వస్తాను గానీ ఒక షరతు అన్నాను: బ్యాంకు సీను దగ్గర ఆపాలి, ఆ కుర్చీ నెట్టే మనిషి మొహం నేను తీరిగ్గా చూడాలి. బావ ఒప్పుకున్నాడు. రిమోట్ మాత్రం నా చేతికి ఇవ్వడట.