హ్యాంగైందని ర్యామ్‌ని తిట్టకండి

ఒడిశాలోని రాయగడలో మా వీధి చివర జిరాక్స్ షాపులో 2 జీబీ ర్యామ్ కంప్యూటర్ హ్యాంగైనప్పుడల్లా యజమాని వైరస్ అంటాడు. పక్కనున్న కుర్రాళ్లు ర్యామ్ చాలదంటారు. హార్డ్ డిస్క్ లైటు మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అసలు సంగతి చెబుతున్నది ఆ లైటే.

ప్రోగ్రాము మెమరీ అడిగితే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ముందు మాటే ఇస్తుంది. చోటు ఇచ్చేది నిజంగా తాకినప్పుడు. తాకినచోట పేజీ, అంటే మెమరీలో ఓ చిన్న ముక్క, లేకపోతే ప్రాసెసర్ ఆ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఆగి కెర్నల్‌ని పిలుస్తుంది. పేజ్ ఫాల్ట్ అంటే ఇదే, పేరుకే ఫాల్ట్. కీబోర్డు నొక్కితే వచ్చే ఇంటరప్ట్ బయటివాళ్లు తలుపు తట్టడం లాంటిది. ఇదేమో ఇంట్లోవాళ్లే డబ్బా మూత తీసి బియ్యం లేవని కేకెయ్యడం. బియ్యం గాదెలో, అంటే ర్యామ్‌లోనే, ఉంటే మైనర్ ఫాల్ట్. సంతకెళ్లి, అంటే డిస్క్ నుంచి, తేవాలంటే మేజర్ ఫాల్ట్. ర్యామ్‌కి 100 నానోసెకన్లు పట్టే పని, తిరిగే హార్డ్ డిస్క్‌కి 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. లక్ష రెట్లు! షాపులో మనం కాచుక్కూర్చునేది ఆ సంత ప్రయాణాలకే.

ర్యామ్ నిండాక ఏ పేజీని బయటికి పంపాలన్నది మాత్రం చిప్పు ఒక్కటే తేల్చేది కాదు, మనుషులు రాసిన కోడ్ తేలుస్తుంది. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1 కెర్నల్‌లో అందుకే కొత్త పద్ధతి చేర్చారు. పేజీలను కుదించి ర్యామ్‌లోనే దాచే జెడ్‌ర్యామ్ అంతకుముందు నుంచే ఉంది. ఇంత ముఖ్యమైన కోడ్ రాయాల్సింది ఎవరు? 64 జీబీ మెషిన్ ముందు కూర్చున్నవాడికి ఈ బాధ కనపడనే కనపడదు. పాత కంప్యూటర్‌తో కుస్తీ పట్టే కొరాపుట్, గుణుపురం పిల్లలకు రోజూ కనపడుతుంది. లినక్స్‌లో పెర్ఫ్ స్టాట్ అనే కమాండ్‌తో మేజర్ ఫాల్ట్‌లు లెక్కపెట్టడానికి ఖరీదైన ల్యాబూ అక్కర్లేదు.

ర్యామ్ చవక, ఇంకో చిప్పు వేసుకోండి, కెర్నల్ నేర్చుకుంటే ఉద్యోగాలెక్కడ అంటారు కొందరు. చవకే, జేబులో డబ్బుంటే. ఉద్యోగాల మాటకొస్తే, ఫోన్లలో, సర్వర్లలో నడుస్తున్నది ఈ కోడే.

అన్నట్టు, ఈ లెక్క మా సరిహద్దు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసింది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, చదువుకోవడానికి తెలుగు పుస్తకం కావాలంటే మాత్రం రైలెక్కి పార్వతీపురం వెళ్లాలి. మేజర్ ఫాల్టే కదా! కెర్నల్ అయితే పేజీ తెచ్చిపెట్టి, ఆగిన ఇన్‌స్ట్రక్షన్ని అక్కడి నుంచే మళ్లీ నడిపిస్తుంది. ఆఫీసులో మా దరఖాస్తు ఆగితే మొదటి నుంచి రాసుకు రమ్మంటారు.