పుస్తకం కంటే ముందే ఊడిపడ్డ బుక్‌మార్కుకు

మహారాజశ్రీ బుక్‌మార్కు గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. నా చేతిలో మీరూ క్షేమమే. లేనిదల్లా మీరు కూర్చోవలసిన పుస్తకం.

నిన్న ఆవిష్కరణ సభకు నేను వచ్చింది పుస్తకం కొనుక్కుందామని. వక్తలంతా దాన్ని ఆకాశానికెత్తారు (ఎప్పుడు చదివారో, ఎవరి దగ్గరా లేదుగా!). చివర్లో "ప్రెస్సులో చిన్న ఆలస్యం, వచ్చే వారం తప్పకుండా" అంటూ మిమ్మల్ని తలా నాలుగు పంచారు. రంగుకాగితం విప్పి, కెమెరాల వైపు తిప్పి పట్టుకున్నదీ మీ కట్టనే.

మీరే ముందెలా తయారయ్యారో తెలియనిదేం కాదు. కవర్ అచ్చేసేటప్పుడు షీటు అంచున మిగిలే జాగాలో మిమ్మల్ని ఇరికిస్తారు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కార్డు, లామినేషన్, కటింగ్, అంతే. పుస్తకానికి మాత్రం 16 పేజీలు పట్టే పెద్ద షీట్లు (ఫారాలు) ఒక్కొక్కటీ అచ్చవాలి, మడవాలి, వరస పెట్టాలి, బైండు చేయాలి. ఆలు లేదు చూలు లేదు, సోమలింగానికి అప్పుడే గ్లాసీ లామినేషన్ కూడా అయిపోయింది!

మీ పూర్వీకులు ఇలాంటివాళ్లు కారండీ. 1860లో ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరి అక్కడి పట్టు మీద దిగుమతి సుంకాలు పోయాక ఇంగ్లండులోని కోవెంట్రీలో రిబ్బన్ల నేత దెబ్బతింది. అప్పుడు ఆ ఊరి నేతగాడు థామస్ స్టీవెన్స్, నేతలోనే బొమ్మలు తెచ్చే జకార్డ్ మగ్గాల మీద పట్టు బుక్‌మార్కులు నేయించి 1862 నుంచి అమ్మాడు. జనం వాటిని డబ్బిచ్చి కొన్నారు. తమరిని ఊరికే ఇస్తున్నా పుచ్చుకోబుద్ధి కావడం లేదు.

ఇక తమరి అందం. పుస్తకం పేరు చీమంత, రచయిత ఫొటో చేటంత. కుచ్చు కట్టడానికి కొట్టిన రంధ్రం సరిగ్గా ఆయన నుదుటి మీద! క్యూఆర్ కోడ్ సగం కటింగ్‌లో పోయింది. వెనక ఖాళీ ఉందిగా, ఏదైనా రాసుకుందామంటే ఆ నునుపు మీద పెన్ను పారదు.

పోనీ వేరే పుస్తకంలో పెట్టాను. ఎత్తీ ఎత్తగానే జర్రున జారిపడ్డావు. పేజీ పోయింది. ఒరే, పుట్టిందే ఆ ఒక్క పని కోసం కదరా! అదీ చేతకాదా? బస్సు టికెట్టు నీకంటే నయం, పెట్టినచోట పడి ఉంటుంది.

మీ వాళ్లతో చెప్పు. వచ్చే వారం మళ్లీ సభ పెట్టి ఇంకో నాలుగు బుక్‌మార్కులిస్తే ఊరుకోను. పుస్తకం తెమ్మను. ఉచితంగా అక్కర్లేదు, కొంటాను. కొంటానని వచ్చినవాడికి అమ్మడానికి ఏం రోగం?

ఇట్లు,
ఉత్త చేతులతో కాకుండా, నాలుగు అట్టముక్కలతో తిరిగొచ్చిన పాఠకుడు