లజానియాని పొద్దున పడేసి వెళ్లిపోకండి

లజానియా అంటే పల్చటి గోధుమ షీట్లు, సాస్, చీజ్ పొరలుగా పేర్చి వండే ఇటాలియన్ వంటకం. దాన్ని స్లో కుక్కర్‌లో, అంటే గంటలతరబడి నెమ్మదిగా ఉడికించే కరెంటు కుక్కర్‌లో చేస్తామనగానే మొహం చిట్లించేవాళ్లు చాలామందే ఉన్నారు. అది లజానియా కాదు, సాస్‌లో ఉడికిన పిండిముద్ద అంటారు. వాళ్లు తిన్నది ముద్దే అయ్యుండొచ్చు, కాదనను, కానీ ఆ తప్పు కుక్కర్‌ది కాదు, పొద్దున అన్నీ పడేసి పనికి వెళ్లిపోండి, సాయంత్రం వచ్చి తినండి అనే సలహాది.

గట్టి మాంసం ముక్కలకైతే ఆ సలహా పనికొస్తుంది, ఎనిమిది గంటలు ఉడికితేనే అవి మెత్తబడతాయి. పల్చటి గోధుమ షీట్లకు అంతసేపు ఎందుకు? కుక్కర్ మీటను ‘లో’ (తక్కువ వేడి) మీద పెడితే మూడున్నర నుంచి నాలుగు గంటలు చాలు, ఆ తర్వాత గడిచే ప్రతి అరగంటా వాటిని పాడుచేస్తుంది. ‘లో’ అంటే సన్నని సెగ, ఎంతసేపు ఉంచినా ఏమీ కాదని చాలామందికి ధీమా. నిజానికి చాలా కుక్కర్లలో ‘లో’ అయినా ‘హై’ (ఎక్కువ వేడి) అయినా చివరికి చేరేది దాదాపు ఒకే వేడికి, నీళ్లు మరిగే వేడికి కాస్త దిగువన. ‘లో’ మీద అక్కడికి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే తేడా. అందుకే రోజంతా వదిలేసిన లజానియా నడుమ జావగారిపోయి, అంచులు మాడి కుండకు అంటుకుపోతాయి.

ఇక నీళ్ల సంగతి. ఓవెన్‌లో తడి ఆరిపోతుంది, ఇక్కడ ఆవిరి మూతకు తగిలి నీళ్లయి మళ్లీ లోపలికే కారుతుంది. కాబట్టి షీట్లను ముందే ఉడకబెట్టడం దండగే కాదు, నష్టం కూడా. మామూలు ఎండు షీట్లు అలాగే వేస్తే సాస్‌లో నీటిని అవే పీల్చుకుని ఉడుకుతాయి. ఉడకబెట్టనక్కర్లేదని ప్యాకెట్ మీద రాసుండే పల్చటి రకం మాత్రం కొనకండి, తొందరగా మెత్తబడిపోతుంది. కోలగా ఉండే కుండలో పొడుగు షీట్లు పట్టవు, విరిచి సర్ది, సందుల్లో చిన్న ముక్కలు ఇరికించాల్సిందే, చూడ్డానికి అతుకులబొంతలా ఉన్నా ఉడికాక ఎవరికీ తెలియదు. ఏ ముక్క మూలా సాస్‌లోంచి బయటికి పొడుచుకు రాకుండా చూసుకోండి, అలా వచ్చిన మూల ఎంతసేపు ఉడికినా పంటికింద కటుక్కుమంటుంది. పాలకూర వేస్తే గట్టిగా పిండాలి, పుట్టగొడుగులైతే నీరు ఇంకేదాకా వేయించాలి. చివరి అరగంట మూతకింద శుభ్రమైన పల్చటి బట్ట పరిచి, అంచులు పైకి మడిచి పెట్టండి. మూత తీసేసరికి బట్ట తడిసి బరువెక్కి ఉంటుంది, ఆ నీళ్లన్నీ చీజ్ మీద పడాల్సినవే.

కీమా పచ్చిదే వేసేయొచ్చని కొందరంటారు, నేను గట్టిగా వద్దంటాను. కొవ్వంతా సాస్ మీద తేలుతుంది, మాంసం ఉండలు కడుతుంది. అన్నింటికన్నా ముఖ్యం, వేగిన రుచి రావాలంటే సుమారు 140 డిగ్రీల సెల్సియస్ కావాలి, ఈ కుక్కర్ 100 దాటదు. పది నిమిషాలు పొయ్యి మీద వేయించడానికి బద్ధకిస్తే ఆ రుచి ఇంకెక్కడా దొరకదు.

పైన ఎర్రగా కరకరలాడే చీజ్ పొర ఇందులో రాదు, ఆ విషయంలో ఓవెన్‌దే పైచేయి. దానికోసం కుక్కర్ లోపలి మట్టికుండను తీసుకెళ్లి ఓవెన్ గ్రిల్ కింద పెట్టకండి, తయారీదారు పెట్టొచ్చని చెబితే తప్ప, పగిలే ప్రమాదముంది. పై పొర లేదు కాబట్టి అసలు లజానియానే కాదంటే మాత్రం నేను వినను. ఇటలీలోనే బొలోన్యాలో ఆకుపచ్చ షీట్లు, మాంసం సాస్, తెల్ల సాస్‌తో చేస్తారు, నేపుల్స్‌లో రికోటా అనే మెత్తటి చీజ్ వేస్తారు. 14వ శతాబ్దపు లాటిన్ వంటపుస్తకంలో దొరికే లజానియాలో చీజ్, మసాలా పొడి తప్ప టమాటా ఊసే లేదు, అప్పటికి యూరప్‌కు టమాటా రానేలేదు మరి. ఇన్ని రకాలుగా మారుతూ వచ్చిన వంటకం స్లో కుక్కర్‌లోకి వచ్చేసరికి మైలపడిపోతుందా?

రోజంతా బయట ఉండేవాళ్లు సాస్, కీమా ముందురోజే వండి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఇంట్లో ఉండే రోజున పొరలు పేర్చండి. ఉడికాక కుక్కర్ ఆపి, మూత తీసి, అరగంట ముట్టుకోకండి. ఆకలి మీద ఆగడం కష్టమే, కానీ వెంటనే కోస్తే పొరలన్నీ పళ్లెంలోకి జారిపోతాయి.