కొసరి వడ్డించే ఆచారం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కొసరి వడ్డించే ఆచారం గారి సముఖమునకు, తమరి చేతి ముద్ద తిని పెరిగినవాడు విజయవాడ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

బరువు తగ్గడానికి నాకు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే ఆపరేషన్ జరిగిందన్న కబురు ఈపాటికి తమరికి చేరే ఉంటుంది. జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటిపండంత గొట్టంగా చేసి, అంచు పొడుగునా సన్నని పిన్నులు వేసి నన్ను ఇంటికి పంపారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలోనే గనుక, ఆ భాగంతో పాటు నా ఆకలి కూడా చాలామటుకు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. తరతరాలుగా ఏ చోటును నింపడానికి తమరు ఇంతగా శ్రమిస్తున్నారో ఆ చోటే ఇప్పుడు లేదని రాతపూర్వకంగా తెలియజేయడం నా కనీస ధర్మం.

తమరి ప్రతాపం నేను ఎరగనిది కాదు. పెళ్లి బంతిలో విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినవాడి వేళ్ల సందుల్లోంచి కూడా నెయ్యి ధార పోయించిన ఘనత తమరిది. మాట్లాడకుండా కూర్చున్నవాడికి ఒక గరిటె, వద్దన్నవాడికి రెండు గరిటెలు అన్న తమరి లెక్క ముందు ఏ గణితమూ నిలవదు.

ప్రస్తుతం నా భోజనం ముప్పై మిల్లీలీటర్ల ప్లాస్టిక్ గిన్నెలో జరుగుతోంది. మందు కొలుచుకోవడానికి గీతలు పెట్టి ఇస్తారే, అదే. అందులో వడకట్టిన పప్పు కట్టు పోసుకుని, పెదవి తడిసేంత మాత్రమే ఒక్కొక్క గుక్క తీసుకుంటూ, పావుగంట సేపు తాగాలి. పాత అలవాటు కొద్దీ గబుక్కున మింగితే రొమ్ము ఎముక కింద ఎవరో పిడికిలి బిగించినట్టవుతుంది, నోట్లో నీళ్లు ఊరతాయి, లోపలికి పోయింది పోయిన దారినే తిరిగి వస్తుంది. మొదటి రెండు వారాలూ ద్రవాలే, ఆ తర్వాత మిక్సీలో మెత్తగా చేసినవి, ఆపైన గుజ్జుగా ఉడికించినవి అని డైటీషియన్ ఇచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది.

సరిగ్గా ఆ కాగితం కిందే, తెనాలి నుంచి వచ్చిన మా పెద్దమ్మ చేత తమరు నాలుగు గిన్నెల క్యారేజీ విప్పించారు. పాత బియ్యపు అన్నం, బీరకాయ కూర, వెల్లుల్లి కారం, అడుగు గిన్నెలో పేరుకున్న నెయ్యి. "పొట్ట కోసినవాడికి పథ్యం పెట్టాలి గానీ ఇలా పస్తు పెడతారుటే అమ్మాయ్?" అని ఆవిడ మా ఆవిడను నిలదీశారు. కండ కరిగిపోకుండా రోజుకు కనీసం అరవై గ్రాముల ప్రొటీను కావాలని, అందుకే పప్పు కట్టూ, ప్రొటీను పొడీ అని మేము చెప్పబోయేసరికి, పప్పు తింటే కుట్లు చీము పడతాయని నా చేతిలోని గిన్నె కాస్తా లాక్కున్నారు. తినవలసినదాన్ని మాన్పించి, తినకూడనిదాన్ని ఒట్టు పెట్టి తినిపించడానికి పూనుకున్న ఆ ఘడియలో తమరి సామర్థ్యానికి మరోసారి అబ్బురపడ్డాను. ఆ ఒక్క ముద్ద గట్టిగా లోపలికి దిగి, ఇంకా మానని పిన్నుల వరుస మీద ఒత్తిడి పెట్టి, ఎక్కడైనా లీకయితే ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం, గుండె దడ, ఆయాసం, పెరుగుతున్న కడుపునొప్పి వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలని ఆ కాగితంలోనే ఎర్ర అక్షరాలతో ఉంది. పెద్దమ్మ దాన్ని చదివి, "ఇవి అందరికీ రాసిచ్చేవేలే" అన్నారు.

ఇక్కడ ఒక చిన్న ఫిర్యాదు. ఇన్నేళ్లూ "ఇంకొంచెం, నా కోసం" అని తినిపించిన నోళ్లే ఇప్పుడు "కాస్త నోరు కట్టుకుంటే పోయేదానికి కోయించుకోవాలా?" అంటున్నాయి. ఆసియా వాళ్లలో బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే కొలత) 27.5 దాటినవారికి ఈ ఆపరేషన్ సూచించవచ్చని 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు చెప్పాయి. షుగరు, గురకతో పాటు ఊపిరి ఆగే జబ్బు ఉన్న నేను ఆ గీతను ఎప్పుడో దాటేశాను. నోరు కట్టుకొమ్మన్న ఆ పెద్దమనుషులే వెళ్తూ వెళ్తూ "ముఖం పీక్కుపోయింది, ఒక్క ఇడ్లీ అయినా పెట్టండి" అనడం మాత్రం తమరి శిక్షణే.

తమరిని పూర్తిగా బహిష్కరించే ఉద్దేశం నాకు లేదు. బస్సులో ఒళ్లో క్యారేజీ పెట్టుకుని వచ్చిన మనిషికి, రోగి పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తమరు ఇంతవరకూ నేర్పలేదు. ఆ లోటు ఆవిడది కాదు. అందుచేత తమరికి ఈ ఇంట్లోనే వేరే ఉద్యోగం ఇస్తున్నాను. నాకు రోజుకు లీటరున్నర నీళ్లు పడాలి. ముప్పై మిల్లీలీటర్ల చొప్పున అది యాభై గిన్నెలు. దాహం లేని మనిషిని యాభై సార్లు బతిమాలగల శక్తి ఈ లోకంలో తమరికి తప్ప ఎవరికుంది? ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా మూడు బంతుల స్పైరోమీటర్ అనే ఊపిరి కసరత్తు పరికరాన్ని బంతులు పైకి లేచేలా పీల్చమన్నారు. రెండు బంతులు లేచి మూడోది మొరాయించినప్పుడు "ఇంకొక్కసారి, నా తండ్రివి కదూ" అనవలసింది తమరే. ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన గ్యాసు మిగిలి భుజం లాగేస్తున్నప్పుడు, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా హాల్లో నడవవలసి వచ్చినప్పుడు, ఒట్టు పెట్టి మరొక చుట్టు తిప్పండి. "వద్దు" అన్నా వినకపోవడం ఈ ఉద్యోగానికి ప్రధాన అర్హత.

పెద్దమ్మ నిన్ననే విధుల్లో చేరారు. మూడో బంతి లేవకపోతే ఆవిడ ఊరుకోవడం లేదు.

ఇట్లు,
తమరి విధేయుడు

తా.క.: క్యారేజీతో పాటు వచ్చిన ఆవకాయ జాడీని వెనక్కి పంపడం లేదు. మామూలు తిండి మొదలవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందట, అప్పటికీ కారం ఆఖరున చూద్దామన్నారు. ఈలోగా ఆ జాడీ మా ఆవిడ అధీనంలో ఉంటుంది. ఆవిడకు కొసరి వడ్డించే పని తమరు పెట్టుకోనక్కర్లేదు.