పక్క మంచం మీద పడుకున్నవారు

హాస్టల్ గదిలో నలుగురు ఉంటారు. రాత్రి పదకొండు దాటాక సీనియర్ల నుంచి కబురొస్తుంది. ఒకరు లేచి వెళతారు. మిగిలిన ముగ్గురూ నిద్ర నటిస్తారు. రెండింటికి ఆ కుర్రాడు తిరిగొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటే, ఏమైందని ఎవరూ అడగరు. అడిగితే రేపు తమ వంతు వస్తుందని భయం. ర్యాగింగ్ మీద చర్చ వచ్చినప్పుడల్లా ఏడిపించినవారి గురించో, ఏడ్చినవారి గురించో మాట్లాడుకుంటాం. నిద్ర నటించిన ఆ ముగ్గురి ఊసు రాదు. మా దృష్టిలో ర్యాగింగ్ ఆగేదీ, సాగేదీ వాళ్ల దగ్గరే.

చట్టాలకు కొదవ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఆటపట్టించి అవమానించడం దగ్గర్నుంచి ఆత్మహత్యకు పురిగొల్పడం వరకు అందులో నేరాలే. ఫిర్యాదు అందాక కదలని ప్రిన్సిపాల్‌ను కూడా ఆ నేరానికి సహకరించినట్టే లెక్కగట్టాలని రాసుకున్నాం. 2001లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. తర్వాత అదే కోర్టు ఆదేశాలతో సీబీఐ మాజీ డైరెక్టర్ ఆర్.కె.రాఘవన్ కమిటీ 2007లో నివేదిక సమర్పించింది. అయినా 2009 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో సీనియర్లు కొట్టిన దెబ్బలకు 19 ఏళ్ల తొలి ఏడాది విద్యార్థి ప్రాణం పోయింది. ఆ ఏడాదే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచి విద్యార్థీ, తల్లిదండ్రులూ ర్యాగింగ్ జోలికి పోమంటూ ఏటా అండర్‌టేకింగ్ (హామీపత్రం) ఇస్తూనే ఉన్నారు. ఫీజు రసీదు మీద సంతకం పెట్టినట్టే దాని మీదా పెట్టేస్తున్నారు.

క్యాంపస్‌లో దీన్ని ఎవరూ ర్యాగింగ్ అనరు కూడా. ‘ఇంట్రో’ అంటారు, ‘ఇంటరాక్షన్’ అంటారు. ‘మేమూ పడ్డాం, ఏమైంది మాకు?’ అంటారు. నిరుడు కన్నీళ్లు పెట్టుకున్నవాడే ఈ ఏడు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎదురుగా నిలబడ్డ జూనియర్ ఊరిని, యాసను, రంగును, కులాన్ని బట్టి ఆట మారుతుంది. యూజీసీ 2016లో నిర్వచనాన్ని సవరించి వీటన్నిటినీ, ఆర్థిక స్థితిని, లైంగికతను కూడా పేరుపేరునా చేర్చింది ఇందుకే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. కొందరికి నిజంగానే నవ్వొస్తుంది. ఎక్కువమంది నవ్వకపోతే బాగుండదని నవ్వుతారు. ఆడేవాడికి ఈ రెండు నవ్వుల తేడా తెలియదు, అక్కర్లేదు కూడా. ప్రేక్షకులు లేకపోతే అతనికి ఆటే లేదు.

కెనడా పరిశోధకులు కొందరు పాఠశాల ఆవరణల్లో పిల్లల ఆటల్ని దూరం నుంచి చిత్రీకరించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. వేధింపు జరిగిన సందర్భాల్లో 88 శాతం వాటిలో పక్కన తోటి పిల్లలున్నారు. వారిలో ఎవరో ఒకరు అడ్డుపడినవి 19 శాతమే. అలా అడ్డుపడిన వాటిలో సగానికిపైగా, అంటే 57 శాతం సార్లు, పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. అది చిన్నపిల్లల బడి, మనది హాస్టల్. ఇక్కడ అర్ధరాత్రి తలుపు మూసిన గదిలో, మూడేళ్లు పెద్దవాళ్ల ముందు ‘ఇక చాలు’ అనడం పది సెకన్ల పని కాదని మాకూ తెలుసు. అయినా ఏడిపించే చెయ్యి మనం అనుకున్నంత గట్టిది కాదని ఆ లెక్క చెబుతోంది.

అడ్డుపడటమంటే ఎదురుతిరిగి కొట్లాడటమే కానక్కర్లేదు. 2007లో కెనడాలోని నోవాస్కోషియాలో, గులాబీ రంగు చొక్కా వేసుకొచ్చాడని ఒక తొమ్మిదో తరగతి పిల్లాడిని ఏడిపించారు. పన్నెండో తరగతి విద్యార్థులిద్దరు అవే రంగు చొక్కాలు 50 కొనుక్కొచ్చి బడిలో పంచిపెట్టారు. ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. ఒంటరిగా నిలబడ్డ పిల్లాడి చుట్టూ ఒక గుంపు తయారైందంతే. మన దగ్గరా దారులున్నాయి. కబురొచ్చినప్పుడు ‘నేనూ వస్తా’ అని లేవడం ఒకటి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన బెదిరింపును చెరిపేయకముందే స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, సమయం రాసిపెట్టడం ఇంకొకటి. వార్డెన్ దగ్గరకు వెళ్లాల్సివస్తే పక్కన నడవడం. 1800-180-5522 హెల్ప్‌లైన్‌కు బాధితులే కాదు, స్నేహితులు కూడా ఫోన్ చేయొచ్చు.

అసలు పరీక్ష ఫిర్యాదు ఇచ్చాకే మొదలవుతుంది. మర్నాటి నుంచి మెస్‌లో ఆ విద్యార్థి కూర్చున్న బల్ల ఖాళీ అవుతుంది. గ్రూపుల్లోంచి తీసేస్తారు. నోట్స్ అడిగితే ‘ఇంకా రాయలేదు’ అంటారు. ‘వాళ్ల కెరీర్ పాడైపోతుంది, కాస్త ఆలోచించు’ అని లెక్చరర్లే నచ్చజెబుతారు. ఫిర్యాదు చేసినవారి చదువు ఏమైపోతుందో మాత్రం ఆ మాటల్లో ఎక్కడా ఉండదు. కాంప్రమైజ్ కాగితం మీద సంతకం పెట్టించి ఊపిరి పీల్చుకునే యాజమాన్యాలకు, 24 గంటల్లో పోలీసులకు తెలపాలన్న నిబంధన గుర్తుండదు. ఆ రోజుల్లో పక్కన కూర్చుని అన్నం తిన్న ఒక్క రూమ్మేట్, ఏ కమిటీ తీర్మానమూ చేయలేని మేలు చేస్తాడు.

యూజీసీ నిబంధనల్లోనే ఒక ఇబ్బంది ఉంది. ఎవరు చేశారో తేలకపోతే సామూహిక శిక్ష వేయమంటాయవి. సాక్షులను మాట్లాడించడానికే అలా రాసి ఉండొచ్చు. జరిగేది వేరు. శిక్ష పడ్డ బ్యాచ్ కోపం ఏడిపించినవాడి మీదకు పోదు, ఫిర్యాదు చేసిన ఆ ఒక్కరి మీదకు పోతుంది. పేరు బయటపడకుండా సాక్ష్యం ఇచ్చే వీలు, ఇచ్చినవారి ఇంటర్నల్ మార్కులకు, హాస్టల్ సీటుకు ఢోకా ఉండదన్న రాతపూర్వక హామీ ముందు రావాలి. సామూహిక శిక్ష సంగతి ఆ తర్వాత చూడొచ్చు. పత్రికలుగా మా వంతు తప్పూ ఉంది. ర్యాగింగ్ మొదటి పేజీకి ఎక్కేది ప్రాణం పోయినప్పుడే. స్నేహితుడి కోసం వార్డెన్ గది తలుపు తట్టినవారి వార్త జిల్లా పేజీకి కూడా నోచుకోదు.

అవే నిబంధనల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఏర్పాటు ఇంకోటి ఉంది. మెంటరింగ్ సెల్ పెట్టి, ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక సీనియర్‌ను తోడుగా నియమించాలి. యాంటీ ర్యాగింగ్ కమిటీలో తొలి ఏడాది విద్యార్థుల ప్రతినిధి ఉండాలి. ర్యాగింగ్‌రహిత క్యాంపస్ అని గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టిన కాలేజీలు ఆ ఆరేసి మంది పేర్లు, వారి సీనియర్ పేరు, ఫోన్ నంబరు హాస్టల్ నోటీసు బోర్డులో పెట్టాయా? ఈసారి తనిఖీకి వెళ్లే విశ్వవిద్యాలయాల అధికారులు ప్రిన్సిపాల్ గదిలో టీ తాగే ముందు ఆ బోర్డు దగ్గరకు వెళ్లి రావాలి.