బూటు బొమ్మ సంగతి కూడా చెప్పాల్సింది

బ్రిటన్‌లో పన్నులను ఎగతాళి చేసిన బొమ్మల మీద మీ వ్యాసం చదివాను. 1733లో ప్రధాని వాల్‌పోల్ తేబోయిన ఎక్సైజ్ పన్నును (సరుకుల మీద వేసే పన్ను) చాలా తలల డ్రాగన్‌గా గీసిన బొమ్మల గురించి అందులో బాగా రాశారు. కానీ 1763 నాటి సైడర్ పన్నును ఒక్క వాక్యంలో దాటేశారు, అదే వెలితి.

సైడర్ అంటే ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే పానీయం. ఇంగ్లండ్‌లోని డెవన్, హియర్‌ఫర్డ్‌షైర్ రైతులకు అది ఇంటి సరుకు. పీపాకు 4 షిల్లింగుల పన్ను అన్నదానికంటే, ఎక్సైజ్ ఉద్యోగి ఇంట్లోకొచ్చి సోదా చేస్తాడన్నదే వాళ్లకు ఎక్కువ మండింది. అప్పటి ప్రధాని పేరు జాన్ స్టూవర్ట్, బ్యూట్ ప్రభువు. జాన్‌కు ముద్దుపేరు జాక్. ఇంకేం, బొమ్మలు గీసేవాళ్లు ఆయన్ని మోకాళ్లదాకా వచ్చే జాక్‌బూట్‌గా మార్చేశారు! బ్యూట్, బూట్... తెలుగులో రాసినా ఆ శ్లేష చెడలేదు చూడండి. చదువు రానివాడికి కూడా బూటు కనిపిస్తే చాలు, ఎవరి మీదో తెలిసిపోయేది. ఆ బొమ్మలు కొనలేనివాళ్లు దుకాణం అద్దాల ముందు నిలబడి చూసి నవ్వుకునేవారు. వీధుల్లో జనం నిజం బూట్లనే తగలబెట్టారు. 1766లో ఆ పన్ను రద్దయింది.

1795లో ప్రధాని పిట్ జుట్టు పౌడర్ మీద వేసిన గినీ (అప్పటి బంగారు నాణెం) పన్ను గురించి మరో వ్యాసం రాయండి. కట్టినవాళ్లను 'గినీ పిగ్స్' అని ఏడిపించారట!